కఠినమైన ఆట – న్యాయమైన ఆట

గెలుపు ముందే చేతికి అందిన ఆటను ఎవరూ ఆసక్తితో ఆడరు. కూతకు వెళ్లినవానిని అడ్డగించేవారు లేకపోతే చెడుగుడు లేదు. ఎదుటివాని ఎత్తు ముందే తెలిసిపోతే చదరంగానికి రుచి లేదు. ఆటలో కష్టం ఉండాలన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఎంత కష్టం ఉండాలి, అది ఎటువంటిదై ఉండాలి, దానిని నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్నల దగ్గరే వివాదం మొదలవుతుంది. ఆధునిక కాలంలో ఈ ప్రశ్నలు మైదానాన్ని దాటి కంప్యూటర్ తెరపైకి కూడా వచ్చాయి. 2017లో వెలువడిన ఒక వీడియో గేమ్ విస్తరణ భాగం పట్ల ఆటగాళ్లు వెలిబుచ్చిన పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు ఈ చర్చకు మంచి ఉదాహరణ. వాటిని పరిశీలిస్తే ఒక ఆట గుణదోషాలతో పాటు, కష్టానికీ న్యాయానికీ గల సంబంధం కూడా బోధపడుతుంది.

ఆ ఆట పేరు ‘డార్కెస్ట్ డంజన్’. మిక్కిలి చీకటైన నేలమాళిగ అని ఆ పేరుకు అర్థం. రెండు సంప్రదాయాల కలయికతో అది రూపొందింది. మొదటిది గోథిక్ సాహిత్యం. 1764లో హోరెస్ వాల్పోల్ రచించిన ‘ది క్యాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవలతో ఆంగ్లంలో ఈ శాఖ ఆరంభమైందని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. 1818లో మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’, 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ దానికి విశేష ప్రాచుర్యం కల్పించాయి. శిథిలమైన కోటలు, పాడుబడిన వంశాలు, పూర్వులు చేసిన పాపం వారసులను వెంటాడడం ఈ సాహిత్యంలో తరచుగా కనిపించే వస్తువులు. భారతీయ అలంకారికుల పరిభాషలో చెప్పాలంటే భయానక బీభత్స రసాలు దీనికి ప్రాణం.

రెండవది పాత్రధారణ క్రీడల సంప్రదాయం. వీటినే రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ క్రీడలకు మూలం. అందులో ఆటగాడు ఒక యోధుని పాత్రనో, మాంత్రికుని పాత్రనో ధరించి, ఆ పాత్ర తరఫున నిర్ణయాలు తీసుకొంటాడు. బల్ల చుట్టూ కూర్చొని పాచికలతో ఆడిన ఆ ఆటే కాలక్రమంలో కంప్యూటర్‌లోకి ప్రవేశించి, అనేక రూపాలు ధరించింది.

కెనడాలోని వాంకూవర్ నగరంలో క్రిస్ బొరాసా, టైలర్ సిగ్‌మన్ 2013లో ‘రెడ్ హుక్ స్టూడియోస్’ అనే చిన్న సంస్థను స్థాపించి ఈ ఆటను నిర్మించారు. నిర్మాణానికి కావలసిన ధనం కోసం 2014లో వారు ‘కిక్‌స్టార్టర్’ ద్వారా ప్రజలనే ఆశ్రయించారు. 75 వేల డాలర్లు అడుగగా 3 లక్షల డాలర్లకు పైగా చందాలు లభించాయి. 2015లో అసంపూర్ణ రూపంలో ఆటగాళ్ల చేతికి వచ్చిన ఆట, 2016 జనవరిలో పూర్తిరూపంలో విడుదలైంది. దీనిని బట్టి ఆటగాళ్లు కేవలం కొనుగోలుదారులు కారనీ, ఆట పుట్టుకలోనే వారికి భాగం ఉన్నదనీ గ్రహించవచ్చు. తరువాత వారు నిర్మొహమాటంగా అభిప్రాయాలు చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

కథ ఇలా సాగుతుంది. సంపదలతో, విలాసాలతో విసిగిపోయిన ఒక పూర్వీకుడు తన భవనం కింద దాగి ఉన్న నిషిద్ధ శక్తుల కోసం నేలను తవ్విస్తాడు. ఆ తవ్వకంలో నుండి ఘోరమైన శక్తులు వెలువడి ఎస్టేటును ఆక్రమిస్తాయి. పశ్చాత్తాపంతో అతడు వారసునికి లేఖ వ్రాసి ప్రాణం తీసుకొంటాడు. ఆ వారసుడే ఆటగాడు. పక్కనున్న పల్లెలో సాహసికులను చేర్చుకొని, నలుగురేసి చొప్పున శిథిలాలలోకి పంపడం అతని పని. ఒకసారి మరణించిన సాహసికుడు తిరిగి రాడు. ఆట తనంతట తానే ప్రతి ఘట్టాన్నీ నమోదు చేసుకొంటుంది కనుక, చేసిన తప్పును చెరిపివేసే అవకాశం కూడా ఉండదు.

ఈ ఆటకు ప్రత్యేకతను తెచ్చిన అంశం శారీరక గాయాలకు తోడు మానసిక గాయాలను కూడా లెక్కించడం. ప్రతి సాహసికునికీ సున్న నుండి 200 వరకు ఒత్తిడి కొలమానం ఉంటుంది. చీకటి, ఆకలి, శత్రువుల దాడి, తోటివారి మరణం దానిని పెంచుతాయి. అది 100కు చేరినప్పుడు అతని మనోధైర్యానికి పరీక్ష జరుగుతుంది. చాలామంది భయగ్రస్తులో, స్వార్థపరులో, నిరాశాపరులో అయిపోతారు. ఏ కొద్దిమందిలోనో అంతవరకు కనబడని ధైర్యం ఉదయిస్తుంది. 200కు చేరినవానికి గుండెపోటు వస్తుంది. వీరుడంటే భయం ఎరుగనివాడన్న భావనను ఈ ఆట అంగీకరించదు. వీరుడు కూడా అలసిపోతాడనీ, విశ్రాంతి లేకపోతే విరిగిపోతాడనీ చెబుతుంది.

మూలరూపంలోనే ఈ ఆట కఠినమైనది. అయినా ఎక్కువమంది ఆటగాళ్లు దానిని ఆదరించారు. అందుకు కారణాలు లేకపోలేదు. సాహసికులు మరణిస్తారనీ, మరణించినవారు తిరిగి రారనీ ఆరంభంలోనే ఆటగానికి హెచ్చరిక కనిపిస్తుంది. దీపపు వెలుగు తగ్గితే ప్రమాదం పెరుగుతుంది, దానితో పాటు దొరికే ధనమూ పెరుగుతుంది. వెలుగులో నడవాలా, చీకటిలో నడవాలా అన్నది ఆటగాని నిర్ణయం. ఓటమి తప్పదనిపించినప్పుడు వెనుదిరిగే మార్గం కూడా ఉంది. ప్రాణాలతో తిరిగి రావడం కూడా ఒక విధమైన విజయమేనని ఆటగాడు క్రమంగా నేర్చుకొంటాడు. కష్టం పెద్దదే అయినా, దాని స్వరూపం ముందే తెలిసినదీ, దానిని కొంతవరకు తగ్గించుకొనే ఉపాయం తన చేతిలోనే ఉన్నదీ అయినందువల్ల ఆటగాడు దానిని అన్యాయంగా భావించలేదు.

2015లో, ఆట ఇంకా అసంపూర్ణంగా ఉన్నప్పుడే, ఈ సామరస్యానికి ఒక పరీక్ష ఎదురైంది. చనిపోయిన శత్రువుల కళేబరాలు యుద్ధభూమిలోనే అడ్డంగా పడి ఉండే నియమాన్నీ, గుండెపోటు నియమాన్నీ నిర్మాతలు ప్రవేశపెట్టారు. అప్పటికే ఆటకు అలవాటు పడినవారిలో అనేకులు తీవ్రంగా నిరసించారు. తాము కష్టపడి నేర్చుకొన్న వ్యూహాలు ఒక్కరోజులో పనికిరాకుండా పోయాయన్నది వారి బాధ. నిర్మాతలు ఆ నియమాలను తొలగించలేదు. ఇష్టం లేనివారు వాటిని నిలిపివేసుకొనే వెసులుబాటును కల్పించారు. తమ సంకల్పాన్ని విడువకుండానే ఎదుటివాని ఇష్టానికి చోటు ఇచ్చిన ఈ పరిష్కారం తరువాతి చర్చకు ప్రమాణంగా నిలిచింది.

2017 జూన్‌లో ‘ది క్రిమ్సన్ కోర్ట్’ అనే విస్తరణ భాగం వెలువడింది. ఇది పూర్వీకుని యౌవనకాలపు విలాసాల కథ. అతని విందులకు కౌంటెస్ అనే ప్రభువంశ స్త్రీ వస్తుంది. ఆమె మానవరూపంలోని రక్తపిపాసి అని తెలిసి అతడు ఆమెను సంహరిస్తాడు. అంతటితో ఆగక ఆమె రక్తాన్ని మద్యంలో కలిపి అతిథులైన ప్రభువులందరికీ పోయిస్తాడు. ఆ ప్రభువులు దోమలను పోలిన రాక్షసులుగా మారి ఉద్యానవనంలో శాశ్వతంగా విందులు చేసుకొంటూ ఉంటారు. శ్రమించేవారి రక్తాన్ని పీల్చి బతికే ప్రభువర్గాన్ని కవులు జలగలతో పోల్చడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఆ పోలికనే ఈ కథ అక్షరాలా నిజం చేసి చూపింది.

కథకు తగినట్లే ఒక కొత్త నియమం ప్రవేశించింది. దాని పేరు ‘క్రిమ్సన్ కర్స్’, అంటే రక్తశాపం. రక్తపిపాసుల దాడికి గురైన సాహసికునికి ఈ శాపం సోకవచ్చు. మొదట అది నిద్రాణంగా ఉంటుంది. తరువాత దాహంగా మారుతుంది. అప్పుడు రక్తపు సీసా అందించకపోతే అతడు క్షీణదశలోకి జారి, చివరకు మరణిస్తాడు. అందిస్తే కొంతకాలం ఉన్మాదంతో కూడిన బలం వస్తుంది. ఆ బలంలో అతడు చెప్పిన మాట వినకపోవచ్చు. ఉద్యానవనంలో మొదలైన ఈ బెడద అక్కడితో ఆగదు. రక్తపిపాసులు మిగిలిన శిథిలాలలోనూ కనిపిస్తారు. శాపగ్రస్తులను కాల్చివేయాలని తిరిగే ఒక మతోన్మాది దారికాచి దాడి చేస్తాడు. ఉద్యానవనంలోని ప్రభువులను ఒక్కొక్కరిగా జయిస్తేనే శాపానికి ఉపశమనం.

ఈ విస్తరణపై అసంతృప్తి చెందినవారి వాదన విస్మరించదగినది కాదు. కొత్త ప్రదేశాన్ని చూడాలని ఉద్యానవనంలోకి అడుగుపెడితే, పాత ప్రదేశాలన్నీ మారిపోయాయని వారు ఆక్షేపించారు. శాపం సోకడంలో తమ తప్పుకన్నా అదృష్టం పాత్రే ఎక్కువగా కనిపించిందన్నారు. పరిమితమైన సంచిలో ఆహారానికీ, దీపాలకూ తోడు రక్తపు సీసాలకూ చోటు చూడవలసి రావడం చికాకు కలిగించిందన్నారు. ఉద్యానవనపు యాత్రలు దీర్ఘంగా సాగి అలసట కలిగిస్తాయన్నారు. ఎన్నో గంటలు శ్రమించి తీర్చిదిద్దుకొన్న వీరుడు ఒక సీసా దొరకక మరణించినప్పుడు, అందులో తాము నేర్చుకోదగిన పాఠమేమిటని ప్రశ్నించారు.

సమర్థించినవారి వాదనలోనూ సారం ఉంది. శాపం హద్దులు దాటడమే కథకు ప్రాణమని వారు పేర్కొన్నారు. పూర్వుని పాపం ఒక తోటకే పరిమితమై, ఇష్టమైనప్పుడు చూసి వచ్చే వినోదంగా మిగిలితే అందులో గోథిక్ లక్షణం ఏముంటుందని అడిగారు. తనవారిలో ఎవరికి రక్తం ఇవ్వాలి, ఎవరిని విడిచిపెట్టాలి అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు, ఆ పూర్వుని నిర్దయ తనలో కూడా తొంగిచూడడం ఆటగానికి తెలుస్తుందన్నారు. ఉన్మాదపు బలాన్ని నేర్పుగా వినియోగించుకొంటే శాపమే ఆయుధమవుతుందని నిరూపించినవారూ ఉన్నారు. చిత్రకళ, సంగీతం, వేన్ జూన్ గంభీరమైన వ్యాఖ్యాన స్వరం అందరి ప్రశంసలనూ అందుకొన్నాయి. తన గాయాలనే బలంగా మార్చుకొనే ‘ఫ్లాజెలెంట్’ అనే కొత్త వీరుడు, పల్లెలో కట్టుకోదగిన కొత్త భవనాలు ఆటగానికి అండగా నిలిచాయన్న విషయాన్ని కూడా వారు గుర్తుచేశారు.

ఈ రెండు వర్గాల నడుమ మూడవ వర్గం ఒకటి ఏర్పడింది. ఆట బాగున్నదా, లేదా అనే తీర్పుకన్నా, ఎప్పుడు ఆడాలి అన్నదే వారికి ముఖ్యం. ఈ విస్తరణను చేర్చుకోవడమో, మానుకోవడమో ఆటగాని చేతిలోనే ఉంది. అందువల్ల కొత్తవారు మొదట మూలమైన ఆటను ఆడి, దాని మర్మాలు తెలుసుకొన్న తరువాతనే రక్తశాపం జోలికి వెళ్లాలని వారు సలహా ఇచ్చారు. వాదప్రతివాదాల సందడిలో వినబడని ఈ మాటే ఎక్కువమందికి ఉపకరించింది. అనుభవం ఉన్నవాడు అనుభవం లేనివానికి దారి చూపడం కూడా విమర్శలో ఒక భాగమే.

ఈ అభిప్రాయాలన్నిటినీ కలిపి చూస్తే, న్యాయమైన కష్టానికి మూడు లక్షణాలు ఉండాలని తేలుతుంది. మొదటిది, ఓడినవానికి ఓటమి కారణం తెలియాలి. వైకుంఠపాళిలో పరమపదానికి చేరువలో ఉన్నవానిని పెద్దపాము మింగి కిందకు దింపుతుంది. అది పాచిక పని. అతడు నవ్వుకోగలడే కాని నేర్చుకోవలసినది ఏమీ లేదు. ఆ ఆట కొద్దిసేపటిలో ముగుస్తుంది కనుక నష్టం లేదు. ఎన్నో వారాలు కొనసాగే ఆటలో పాచికకే పెత్తనం అప్పగిస్తే ఆటగాని శ్రమకు విలువ లేకుండా పోతుంది. రక్తశాపం కొంత నేర్పుకు, కొంత పాచికకు లోబడినది. అందుకే కొందరికి అది విద్యగానూ, కొందరికి శిక్షగానూ కనిపించింది.

రెండవది, కష్టాన్ని ఆటగాడు తెలిసి అంగీకరించాలి. తెలుగువారి అవధాన ప్రక్రియ ఇందుకు చక్కని నిదర్శనం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. నిషిద్ధాక్షరిలో తరువాత వేయదలచిన అక్షరాన్ని ఊహించి నిషేధిస్తారు. అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని మాటలతో ఏకాగ్రతను భంగపరచడానికి ప్రయత్నిస్తాడు. ఇంతకన్నా కఠినమైన సాహిత్య క్రీడ మరొకటి ఉండడం అరుదు. అయినా దానిని ఎవరూ అన్యాయం అనరు. పృచ్ఛకుడు ఏం చేస్తాడో, ఎంతవరకు చేస్తాడో అవధానికి తెలుసు. ఆ సభకు అతడు కోరి వచ్చాడు. రక్తశాపం కూడా అప్రస్తుత ప్రసంగం వంటిదే. అది సాగుతున్న పని మధ్యలో జొరబడుతుంది. అయితే తొలిసారి ఆడేవానికి అది ఎంత దూరం వ్యాపిస్తుందో ముందుగా తెలియదు. అతడు ఒక తోటను చూడడానికి అంగీకరించాడే కాని, తన ఎస్టేటు అంతటినీ పణంగా పెట్టడానికి అంగీకరించలేదు.

మూడవది, కష్టానికి అర్థం ఉండాలి. శత్రువు బలాన్ని రెట్టింపు చేసి ఆట కఠినమైందని చెప్పడం సులభం. దానివల్ల ఆడే సమయం పెరుగుతుంది, అనుభవం పెరగదు. కష్టం కథలో నుండి పుట్టి, కథలోని సత్యాన్ని ఆటగాని అనుభవానికి తేవాలి. ఈ విషయంలో ‘ది క్రిమ్సన్ కోర్ట్’కు సాటి వచ్చేవి తక్కువ. పరుల రక్తంతో బతకడం ఎటువంటిదో అది ఉపన్యాసం ద్వారా చెప్పలేదు. ఆటగాని చేతికి సీసా ఇచ్చి చూపించింది.

ఈ మూడు ప్రమాణాలతో తూచినప్పుడు ఆ విస్తరణ మూడవదానిలో ఉత్తమంగానూ, మొదటిదానిలో మధ్యమంగానూ, రెండవదానిలో బలహీనంగానూ తేలుతుంది. విడుదలైన తరువాత నిర్మాతలు దాని తూకాన్ని సవరిస్తూ మార్పులు చేశారు. 2018లో వెలువడిన ‘ది కలర్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ అనే మరొక విస్తరణలో ముఖ్యమైన పరీక్ష ఒక పొలానికి పరిమితమై ఉంటుంది. అక్కడ అలలు అలలుగా వచ్చే శత్రువులను ఎంతసేపు ఎదిరించాలన్నది ఆటగాని సాహసానికి విడిచిపెట్టారు. అది సులభమైనది కాదు. అయితే ఎక్కడ ఆగాలో తేల్చుకొనే స్వేచ్ఛ ఉన్న కష్టం, తప్పించుకోలేని కష్టమంత బరువుగా తోచదు.

ఆటగాళ్ల అభిప్రాయాలలో ఒక దోషం కూడా ఉంది. ఆట కష్టంగా ఉన్నదని ఎవరైనా అన్న వెంటనే, ఆడడం చేతకాకపోతే మానుకోమని కొందరు ఎత్తిపొడుస్తారు. గెలిచినవాడు తన గెలుపును కొలబద్దగా చేసుకొని ఓడినవానిని తక్కువ చేయడం ఇది. చేతివేళ్లు వేగంగా కదలనివారు, చూపు మందగించినవారు, పగలంతా పనిచేసి రాత్రి అరగంట మాత్రమే తీరిక దొరికేవారు కూడా ఆటగాళ్లే. వారి మాటను సోమరితనంగా కొట్టివేయడం అవివేకం. అలాగే, తనకు నచ్చనిది ఎవరికీ ఉండరాదని పట్టుబట్టేవాని వాదన కూడా న్యాయం కాదు. కష్టాన్ని కోరి వచ్చినవానికి అది దక్కకుండా చేసే హక్కు అతనికి లేదు. ఒకరి ఆనందాన్ని మరొకరి అవమానంగా మార్చకుండా మాట్లాడగలగడమే సంస్కారం.

ఫిర్యాదును వినడంలో కూడా వివేకం అవసరం. 2024 జూన్‌లో జపాన్‌కు చెందిన ‘ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్’ సంస్థ తన ‘ఎల్డెన్ రింగ్’ ఆటకు ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’ అనే విస్తరణను విడుదల చేసినప్పుడు ఇటువంటి వివాదమే పునరావృతమైంది. మూడు రోజులలో 50 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. పత్రికా విమర్శకులు మెచ్చుకొన్నారు. ఆటగాళ్లలో మాత్రం చాలామంది శత్రువులు దుర్భేద్యంగా ఉన్నారని ఆవేదన చెందారు. ఆ కొత్త భూమిలో అక్కడక్కడ దాచిన శకలాలను సేకరిస్తే ఆటగాని బలం పెరిగే ఏర్పాటు ఉంది. పాత ఆటలో సాధించిన బలం చాలునని భావించినవారు వాటిని వెదకలేదు. వాటిని మరువవద్దని ప్రచురణకర్తలు గుర్తుచేశారు. అంతటితో ఊరుకోక, వారం తిరగకముందే ఆ శకలాలు ప్రారంభదశలో ఇచ్చే బలాన్ని పెంచారు. ఆటగాని బాధ నిజం, అతడు చెప్పిన కారణం మాత్రం పూర్తిగా నిజం కాదు. రోగి నొప్పిని నమ్మి, కారణాన్ని తాను వెదికే వైద్యునిలా నిర్మాత వ్యవహరించాలని ఈ సంఘటన తెలుపుతుంది.

కష్టాన్ని సడలిస్తే కళకు హాని జరుగుతుందని భయపడేవారు ఉన్నారు. ఆ భయానికి ఆధారం తక్కువ. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ అనే ఆట పర్వతారోహణను ఇతివృత్తంగా తీసుకొంది. అది ఎంతో కఠినమైనదిగా పేరు పొందింది. అయినా అవసరమైనవారు ఆట వేగాన్ని తగ్గించుకొనే ఏర్పాటు అందులో ఉంది. ఆ ఏర్పాటు ఉన్నందువల్ల శిఖరం ఎత్తు తగ్గలేదు. దానిని వినియోగించుకోనివారి గెలుపు విలువా తగ్గలేదు. ‘డార్కెస్ట్ డంజన్’ నిర్మాతలు కూడా 2017 ఆరంభంలో, రక్తశాపం రావడానికి కొన్ని నెలల ముందే, ఆట త్వరగా ముగిసేలా ‘రేడియంట్’ అనే సులభతర పద్ధతిని చేర్చారు. మెట్లు కట్టిన కొండ కూడా కొండే. మెట్లు ఎక్కేవాడూ, రాళ్లు పట్టుకొని ఎక్కేవాడూ శిఖరం మీద చూసే సూర్యోదయం ఒక్కటే.

‘డార్కెస్ట్ డంజన్’లో నలుగురు సాహసికులు కలిసి నడుస్తారు. వారిలో ఒకడు భయంతో కుంగిపోయి, మిగిలినవారిని నిందిస్తే అందరి ఒత్తిడీ పెరుగుతుంది. ఒకరు ధైర్యం చెబితే అందరి బరువూ తగ్గుతుంది. ఆట లోపల ఇంత స్పష్టంగా కనిపించే ఈ ధర్మం, ఆటను గురించి జరిగే చర్చలో కూడా పాటించదగినది. ఆటగాడు తన ఓటమిని దాచుకోకుండా, తన బాధను అతిశయోక్తి లేకుండా చెప్పాలి. సాటి ఆటగాడు దానిని వెక్కిరించకుండా వినాలి. నిర్మాత తన సంకల్పాన్ని కాపాడుకొంటూనే, ఆ బాధలోని నిజాన్ని స్వీకరించాలి. ఈ ముగ్గురూ తమ వంతు నెరవేర్చిన చోట కష్టం ఎంత పెద్దదైనా, అది ఆటను చెరచదు. ఓడినవాడు మరునాడు మళ్లీ దీపం వెలిగించుకొని అదే ద్వారం వైపు ఇష్టంతో నడిస్తే, ఆ ఆట న్యాయమైనదని చెప్పడానికి అంతకుమించిన సాక్ష్యం అక్కరలేదు.